ఇంటి పిల్లవాడికి ఉద్వాసన

సరస్సు ఒడ్డు జట్టు: క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ చరిత్ర – 8వ భాగం

గత భాగంలో డెన్వర్ జట్టు క్లీవ్‌లాండ్‌కు మూడుసార్లు గుండెకోత మిగల్చడం చూశాం. 1987 జనవరి 11న బ్రౌన్స్ గెలుపు గుమ్మంలో నిలబడ్డారు. ఆట ముగియడానికి ఐదున్నర నిమిషాలుండగా జాన్ ఎల్వే తన రెండు గజాల గీత దగ్గర్నుంచి 98 గజాలు బంతిని నడిపించుకొచ్చి స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలో 23–20తో ఆట లాక్కుపోయాడు. మరుసటి ఏడాది జనవరి 17న గోల్ గీత ముందు ఎర్నెస్ట్ బైనర్ చేతిలోంచి బంతి జారిపోయింది. 1990 జనవరిలో మళ్లీ అదే డెన్వర్, 37–21తో మళ్లీ ఓటమి. మూడుసార్లూ సూపర్ బౌల్‌కు ఒక్క ఆట దూరంలో ఆగిపోయారు. మూడుసార్లూ బ్రౌన్స్ క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే, బెర్నీ కోసార్.

ఆ ఓటములకు ఊరు అతన్ని బాధ్యుణ్ణి చేయలేదు. పైగా ఇంకా దగ్గరికి తీసుకుంది. అలాంటి మనిషిని 1993లో ఒక సోమవారం జట్టు నుంచి తీసేశారు. అప్పటికి బ్రౌన్స్ ఆడిన ఎనిమిది ఆటల్లో ఐదు గెలిచి ఉన్నారు. ఆ రోజు క్లీవ్‌లాండ్‌లో పుట్టిన కోపం ఒక ఆటగాడి గురించే అనుకుంటే ఈ కథ సగమే అర్థమవుతుంది. ఈ జట్టు అసలు ఎవరిది అన్న ప్రశ్న ఊరు గట్టిగా వేసుకున్నది అప్పుడే.

కోరి వచ్చినవాడు

కోసార్ మీద అంత ప్రేమ ఎందుకో తెలియాలంటే ముందు ఊరి పరిస్థితి చూడాలి. 1950లో క్లీవ్‌లాండ్ జనాభా 9,14,808. 1990 నాటికి 5,05,616. ఉక్కు మిల్లులు, కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే మూతపడుతుంటే, చదువుకున్న పిల్లలు దక్షిణాదికీ పశ్చిమానికీ వెళ్లిపోయారు. 1969లో కయహోగా నది మీద తేలే నూనె తెట్టుకు నిప్పంటుకుని దేశమంతా నవ్వింది. 1978 డిసెంబర్‌లో నగర ప్రభుత్వం బ్యాంకుల అప్పు కట్టలేక చేతులెత్తేసింది. మహా మాంద్యం తర్వాత ఆ గతి పట్టిన మొదటి పెద్ద అమెరికన్ నగరం అదే. మన పాఠకుల్లో చాలామందికి క్లీవ్‌లాండ్ అంటే ఏటా జరిగే త్యాగరాజ ఆరాధనోత్సవాలు గుర్తొస్తాయి. అవి మొదలైందీ ఆ 1978లోనే. కొందరు కొత్తగా వచ్చి వేళ్లూనుకుంటున్న ఆ రోజుల్లోనే, తరాల తరబడి అక్కడున్నవాళ్లు మూటాముల్లె సర్దుకుంటున్నారు.

క్లీవ్‌లాండ్‌కు ఆగ్నేయంగా వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో యంగ్స్‌టౌన్ ఉంది. అక్కడ 1977 సెప్టెంబర్ 19న ఒక పెద్ద ఉక్కు మిల్లు మూసేస్తున్నట్టు ప్రకటించారు. ఐదు వేల ఉద్యోగాలు పోయాయి. యంగ్స్‌టౌన్ ఉన్న లోయలో ఆ రోజును ఇప్పటికీ నల్ల సోమవారం అంటారు. పక్కనే ఉన్న బోర్డ్‌మన్ అనే శివారులో అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండని పిల్లవాడు బెర్నీ కోసార్. హంగేరియన్ మూలాలున్న కుటుంబం. బ్రౌన్స్ ఆటలు చూస్తూ పెరిగాడు.

ఫుట్‌బాల్ అతన్ని ఫ్లోరిడాలోని మయామీ విశ్వవిద్యాలయానికి తీసుకెళ్లింది. తొలి సీజన్‌లోనే, 1984 జనవరి నాటి ఆరెంజ్ బౌల్‌లో నెబ్రాస్కాను 31–30తో ఓడించి మయామీకి జాతీయ టైటిల్ తెచ్చిపెట్టాడు. చదువులోనూ చురుకు. డిగ్రీ గడువుకు ముందే పూర్తిచేశాడు. దాంతో అతనికో వెసులుబాటు దొరికింది. మామూలు డ్రాఫ్ట్‌లో పేరు పెడితే ఏ జట్టు ఎంచుకుంటే ఆ జట్టుకు వెళ్లాలి. అనుబంధ డ్రాఫ్ట్ దాకా ఆగితే బ్రౌన్స్‌కు దక్కే అవకాశం ఉంది. బ్రౌన్స్ ముందే బఫెలో జట్టుతో బేరం కుదుర్చుకుని ఆ డ్రాఫ్ట్‌లో మొదటి వంతు సంపాదించారు. అతని మీద ఆశ పెట్టుకున్న మిన్నెసోటా జట్టు గొడవ చేసింది. చివరికి లీగ్ కమిషనర్ పీట్ రోజెల్, ఏ దారి పట్టాలో ఆ కుర్రవాడే తేల్చుకోవచ్చని తీర్పు ఇచ్చాడు. కోసార్ క్లీవ్‌లాండ్ దారే పట్టాడు.

1985లో ఆ ఊరి జనానికి ఇది ఎంత పెద్ద సంగతో ఊహించండి. అందరూ విడిచిపోతున్న ఊరికి, ఎక్కడికైనా వెళ్లగలిగినవాడు కావాలని వచ్చాడు. ‘లూయీ లూయీ’ అనే పాత పాట వరసలో అతని పేరు మీద పాట కట్టి రేడియోల్లో మోగించారు. ఊళ్లో పిల్లల చొక్కాల మీదికి 19వ నంబరు ఎక్కింది.

చూడటానికి అతను వీరుడిలా ఉండేవాడు కాదు. పొడుగ్గా, సన్నగా, అడుగులు తడబడుతున్నట్టు పరిగెత్తేవాడు. బంతిని భుజం మీదుగా కాకుండా పక్కనుంచి, వంకరగా విసిరేవాడు. కోచ్‌లు పిల్లలకు అలా విసరొద్దని చెబుతారు. అతని బలమంతా తలలో ఉండేది. బంతి అందుకునే ముందు ఎదుటి రక్షణ వరస ఎలా నిలబడిందో ఒక్క చూపులో చదివేసి, కోచ్ పంపిన ఎత్తును అక్కడికక్కడే మార్చేసేవాడు. 1990, 1991 సీజన్లలో వరుసగా 308 పాస్‌లు విసిరి ఒక్కటి కూడా ప్రత్యర్థి చేతికి చిక్కనివ్వలేదు. అది అప్పటికి లీగ్ రికార్డు. రెక్కల కష్టం మీద, బుర్ర మీద ఆధారపడి బతికే ఊరికి ఆ ఆట తమ బతుకులాగే కనిపించింది.

ఆదివారం ఊరు

ఈరీ సరస్సు ఒడ్డున 1931లో తెరిచిన మున్సిపల్ స్టేడియంలో ఎనభై వేల మంది దాకా పట్టేవారు. దాన్ని అందమైన కట్టడమని ఎవరూ అనలేదు. స్తంభాల వెనక సీట్లు దొరికితే మైదానం సగం కనపడదు. నవంబర్ దాటితే సరస్సు మీంచి వచ్చే గాలి ఎముకలు కొరికేది. అయినా పొద్దున్నే పక్కనున్న పార్కింగ్ స్థలంలో కార్ల వెనక బొగ్గుల పొయ్యిలు వెలిగేవి. పోలిష్, స్లోవాక్, హంగేరియన్ ఇళ్లనుంచి వచ్చినవాళ్లు సాసేజ్‌లు కాల్చి, ఆ ఊరికే ప్రత్యేకమైన గోధుమరంగు ఆవముద్ద పూసుకు తినేవారు. తూర్పు వైపు పేటల నుంచి నల్లజాతి కుటుంబాలు, పశ్చిమ శివార్ల నుంచి తెల్లజాతి కార్మిక కుటుంబాలు వచ్చేవి. నది రెండు ముక్కలు చేసిన ఆ ఊళ్లో అన్ని రకాల మనుషులూ భుజం భుజం కలిపి కూర్చునే చోటు అదొక్కటే అనిపించేది. సీజన్ టికెట్టు తండ్రి నుంచి బిడ్డకు సంక్రమించే ఆస్తి.

తూర్పు కొసన పైకప్పు లేని చవక బెంచీలు ఉండేవి. 1985లో హాన్‌ఫర్డ్ డిక్సన్, ఫ్రాంక్ మినిఫీల్డ్ అనే ఇద్దరు రక్షణ ఆటగాళ్లు సాధన శిబిరంలో తమ ముందు వరసను రెచ్చగొట్టడానికి కుక్కల్లా మొరగడం మొదలుపెట్టారు. బెంచీల జనం దాన్ని అందిపుచ్చుకున్నారు. కుక్క ముఖాల మాస్కులు వేసుకుని, కుక్క బిస్కెట్లు మైదానంలోకి విసురుతూ మొరిగేవారు. ఆ మూలకు ‘డాగ్ పౌండ్’ అనే పేరు స్థిరపడింది. లీగ్‌లోని ప్రతి క్వార్టర్‌బ్యాక్‌కూ ఆ కొసన ఆడటమంటే పరీక్షే.

సోమవారం పొద్దున ఫ్యాక్టరీలో, బస్సులో, క్షౌరశాలలో, చర్చి మెట్ల మీద మాటలన్నీ నిన్నటి ఆట గురించే. సాయంత్రం రేడియో కేంద్రాల ఫోన్లు మోగుతూనే ఉండేవి. ఒక క్వార్టర్‌బ్యాక్ చేసిన తప్పు గురించి వెల్డర్‌కూ లాయర్‌కూ ఒకే అధికారంతో మాట్లాడే హక్కు ఉన్న లోకం అది.

మాట్లాడని కోచ్

కోసార్‌ను తెచ్చిన కాలంలో కోచ్ మార్టీ షాటెన్‌హైమర్. 1988 సీజన్ ముగిశాక దాడి విభాగానికి వేరే సహాయకుణ్ణి పెట్టుకోమని యజమాని ఆర్ట్ మొడెల్ పట్టుబట్టడం, ఆయన కాదనడంతో ఇద్దరూ విడిపోయారు. తర్వాత వచ్చిన బడ్ కార్సన్‌ను రెండో సీజన్ మధ్యలోనే ఇంటికి పంపారు. 1990లో బ్రౌన్స్ పదహారు ఆటల్లో మూడే గెలిచారు. డెన్వర్‌తో మూడోసారి తలపడి ఏడాది కూడా తిరగకముందే జట్టు అడుగుకు చేరింది.

1991లో మొడెల్ 38 ఏళ్ల బిల్ బెలిచిక్‌ను పిలిచాడు. న్యూయార్క్ జెయింట్స్‌కు రక్షణ విభాగం నడిపి రెండు సూపర్ బౌల్‌ల గెలుపులో పాలుపంచుకున్నవాడు. తండ్రి నౌకాదళ అకాడమీలో ఫుట్‌బాల్ కోచ్. చిన్నప్పటి నుంచి ఆటల ఫిల్ములు చూసి ఎత్తులు విడదీయడంలో పెరిగినవాడు. పని గంటలకు అంతు ఉండేది కాదు. రక్షణ విభాగాన్ని నిక్ సేబన్ చేతికి ఇచ్చాడు. ఈ ఇద్దరూ తర్వాతి దశాబ్దాల్లో అమెరికన్ ఫుట్‌బాల్‌ను ఏలతారని అప్పుడెవరూ అనుకోలేదు.

బెలిచిక్‌కు రానిది మాట్లాడటం. విలేకరుల ప్రశ్నలకు తల వంచుకుని ఒకటి రెండు మాటల్లో గొణిగేవాడు. సాధన చూడటానికి వాళ్లను రానిచ్చేవాడు కాదు. అభిమానులు ఇష్టపడే పాత ఆటగాళ్లను ఒక్కొక్కరినీ పక్కన పెడుతూ కారణం చెప్పేవాడు కాదు. క్లీవ్‌లాండ్‌లాంటి ఊళ్లో కోచ్ ఇచ్చే సంజాయిషీ కూడా ఆటలో భాగమే. జనానికి అది కోచ్ ద్వారానే, పత్రికల గుండా అందాలి. అది అందనప్పుడు ఓటమికి అహంకారం తోడైందని జనం లెక్కగట్టారు. 1991లో ఆరు గెలుపులు, 1992లో ఏడు. జట్టు మెరుగుపడుతోంది గానీ, మెల్లగా.

కోసార్‌తో అతని పేచీ ఆట లోపలిదే. ఎత్తు కోచ్ వేయాలి, ఆటగాడు అమలు చేయాలి అన్నది బెలిచిక్ పద్ధతి. గీత దగ్గర నిలబడి ఎత్తు మార్చడమే కోసార్ పుట్టు విద్య. మరోవైపు అతని శరీరం దెబ్బతింటోంది. 1988లో మోచెయ్యికి గాయం. 1992లో చీలమండ విరిగింది. ఏళ్ల తరబడి తగిలిన దెబ్బలతో ముందే నెమ్మదైన కాళ్లు మరింత నెమ్మదించాయి. విసిరిన బంతిలో మునుపటి పదును లేదని కోచ్‌లు ఫిల్ముల్లో చూశారు. వాళ్లు చూసింది అబద్ధం కాదు. ఈ మాట ఇక్కడే చెప్పుకోవాలి, లేకపోతే బెలిచిక్‌కు అన్యాయం చేసినవాళ్లమవుతాం.

ఇద్దరు మయామీ మిత్రులు

1993లో లీగ్ నియమాలు మారాయి. ఒప్పందం ముగిసిన ఆటగాళ్లు నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ వచ్చింది. బ్రౌన్స్ టాంపా బే నుంచి విన్నీ టెస్టవర్డీని తెచ్చారు. అతను కోసార్‌కు మయామీలో సహచరుడు. అక్కడ కోసార్‌ను ముందుకు తెచ్చినప్పుడు టెస్టవర్డీ వెనక నిలబడి ఎదురుచూశాడు. కోసార్ వెళ్లాక హైజ్‌మన్ ట్రోఫీ గెలిచి, 1987 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటివాడిగా ఎంపికయ్యాడు. బలమైన చెయ్యి, దిట్టమైన ఒళ్లు. టాంపాలో మాత్రం ఓటములు, ఎగతాళి తప్ప ఏమీ దక్కలేదు. ఇప్పుడు పాత మిత్రుడి స్థానానికే పోటీదారుగా వచ్చాడు.

సీజన్ గెలుపులతో మొదలైంది. సిన్సినాటీని, ఆపై సోమవారం రాత్రి శాన్‌ఫ్రాన్సిస్కోను ఓడించారు. మూడో ఆట సెప్టెంబర్ 19న లాస్ ఏంజెలెస్‌లో రెయిడర్స్ మీద. నాలుగో క్వార్టర్‌లోకి వచ్చేసరికి 16–0తో వెనకబడి ఉన్నారు. బెలిచిక్ కోసార్‌ను బయటికి పిలిచి టెస్టవర్డీని పంపాడు. బ్రౌన్స్ 19–16తో గెలిచారు. గెలుపే అయినా ఆ రాత్రి నుంచి ఊరు రెండుగా చీలింది. చెయ్యి బలమున్నవాడు ఆడాలని ఒక వర్గం, మనవాణ్ణి ఆటల మధ్యలో అవమానిస్తున్నారని మరో వర్గం. ఒకే ఇంట్లో తండ్రీకొడుకులు చెరో పక్క.

తర్వాతి రెండు ఆటలూ ఓడారు. అక్టోబర్ మధ్యకు టెస్టవర్డీయే మొదటి క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. అక్టోబర్ 24న పిట్స్‌బర్గ్ వచ్చింది. రెండు ఉక్కు నగరాల మధ్య రెండు వందల కిలోమీటర్లే దూరం, బంధువులూ అటూ ఇటూ ఉంటారు. అందుకే ఆ పగ అంత గట్టిది. ఆ రోజు ఎరిక్ మెట్‌కాఫ్ ప్రత్యర్థి తన్నిన బంతిని అందుకుని ఒకసారి 91 గజాలు, ఆట చివర్లో మరోసారి 75 గజాలు పరిగెత్తి రెండు టచ్‌డౌన్‌లు చేశాడు. 28–23తో గెలుపు. స్టేడియం ఊగిపోయింది. ఆ ఆటలోనే టెస్టవర్డీ భుజం కీలు తప్పింది. దాంతో తర్వాతి ఆటకు కోసార్ మళ్లీ ముందుకొచ్చాడు.

నవంబర్ 8

నవంబర్ 7న ప్రత్యర్థి మళ్లీ డెన్వర్, మళ్లీ ఎల్వే. బ్రౌన్స్ 29–14తో ఓడారు. ఆట తేలిపోయాక చివరి నిమిషాల్లో కోసార్ మైకేల్ జాక్సన్ అనే రిసీవర్‌కు పొడుగాటి పాస్ విసిరాడు. అది టచ్‌డౌన్ అయింది. కోచ్ పంపిన ఎత్తును పక్కన పెట్టి, మట్టిలో వేలితో గీసి సహచరులకు చూపించి ఆ ఎత్తు వేశాడని క్లీవ్‌లాండ్‌లో చెప్పుకుంటారు. బ్రౌన్స్ చొక్కాలో కోసార్ విసిరిన ఆఖరి పాస్ అదే.

మర్నాడు సోమవారం, నవంబర్ 8. బ్రౌన్స్ కోసార్‌ను విడుదల చేసినట్టు ప్రకటించారు. మరో జట్టుతో మార్పిడి చేసుకోలేదు, బెంచీ మీదా ఉంచలేదు, ఏకంగా పంపేశారు. అతని సామర్థ్యం తగ్గిపోతోందని బెలిచిక్ చెప్పాడు. ఇంగ్లీషులో అతను వాడిన ఆ రెండు మాటలు క్లీవ్‌లాండ్‌లో సామెతలా నిలిచిపోయాయి. ముప్పై ఏళ్లు నిండని మనిషి గురించి అన్న మాట అది. మొడెల్ కోచ్ పక్కన నిలబడ్డాడు. తను కొడుకులా చూసుకుంటానని పేరున్న ఆటగాడి విషయంలో కూడా నిర్ణయం కోచ్‌దే, తనది మద్దతు అన్నాడు.

టెస్టవర్డీ గాయంతో ఉన్నాడు. అంటే కోసార్ పోతే తర్వాతి ఆట ఆడాల్సింది మూడోవాడు టాడ్ ఫిల్‌కాక్స్. జట్టు గెలుపుబాటలో ఉంది, ప్లేఆఫ్ అవకాశం చేతిలో ఉంది. సామర్థ్యం తగ్గినవాడికన్నా అనుభవం లేనివాడు నయమా? సాయంత్రానికి ఊరంతా ఇదే ప్రశ్న. రేడియో కేంద్రాల లైన్లు నిండిపోయాయి. టీవీ వార్తల్లో మొదటి వార్త అదే. ‘ప్లెయిన్ డీలర్’ దినపత్రికకు ఉత్తరాలు వెల్లువెత్తాయి.

ఇక్కడ పాత కథ ఒకటి గుర్తుచేసుకోవాలి. 1963 జనవరిలో మొడెల్ ఈ జట్టుకు పేరిచ్చిన పాల్ బ్రౌన్‌నే తీసేశాడని మూడో భాగంలో చదివాం. అప్పుడు క్లీవ్‌లాండ్ పత్రికలు సమ్మెలో ఉన్నాయి. కోపం వచ్చినవాళ్లకు దాన్ని వెళ్లగక్కే చోటు లేకపోయింది. మరుసటి ఏడాదే, 1964 డిసెంబర్ 27న, బ్రౌన్స్ బాల్టిమోర్‌ను 27–0తో ఓడించి ఛాంపియన్లు కావడంతో ఆ గాయం మానిపోయింది. 1993లో ఆ రెండు అదృష్టాల్లో ఒక్కటీ మొడెల్‌కు దక్కలేదు. పత్రికలూ రేడియోలూ టీవీలూ పనిచేస్తున్నాయి. ఓదార్చే గెలుపు రాలేదు.

ఒకే ఆదివారం, రెండు ఆటలు

ఆరు రోజుల తర్వాత, నవంబర్ 14న ఏం జరిగిందో కల్పించి రాసినా నమ్మడం కష్టం. సియాటెల్‌లో ఫిల్‌కాక్స్ తొలి ఎత్తులోనే బంతి జారవిడిచాడు. ప్రత్యర్థి దాన్ని ఏరుకుని టచ్‌డౌన్ చేసింది. బ్రౌన్స్ 22–5తో ఓడారు.

అదే రోజు టెక్సాస్‌లో డాలస్ కౌబాయ్స్ మైదానంలోకి కోసార్ దిగాడు. అక్కడ కోచ్ జిమ్మీ జాన్సన్, మయామీలో అతనికి కోచ్‌గా ఉన్నవాడు. డాలస్ క్వార్టర్‌బ్యాక్ ట్రాయ్ ఎయిక్‌మన్ గాయపడి ఉండటంతో రోజుల్లోనే కోసార్‌కు ఒప్పందం ఇచ్చారు. ఎత్తుల పుస్తకం సరిగా తిరగేసే వ్యవధి కూడా లేకుండా బెంచీ మీంచి లేచి వచ్చి ఫీనిక్స్ మీద 20–15తో గెలిపించాడు. క్లీవ్‌లాండ్ ఇళ్లల్లో ఆ సాయంత్రం ఒక టీవీలో రెండు స్కోర్లు పక్కపక్కన చూశారు.

సీజన్ రెండో సగంలో బ్రౌన్స్ ఎనిమిది ఆటల్లో రెండే గెలిచి, 7–9తో ముగించారు. 1994 జనవరి 23న జాతీయ కాన్ఫరెన్స్ టైటిల్ ఆటలో ఎయిక్‌మన్ తలకు దెబ్బ తగిలితే కోసార్ మళ్లీ వచ్చి టచ్‌డౌన్ పాస్ విసిరి డాలస్‌ను ఒడ్డుకు చేర్చాడు. వారం తర్వాత ఆ జట్టు సూపర్ బౌల్ గెలిచింది. మూడుసార్లు గుమ్మంలో ఆగిపోయిన ఉంగరం అతని వేలికి వచ్చింది. క్లీవ్‌లాండ్ మురిసిపోయింది, ఏడ్చింది కూడా.

కోపం దేని మీద?

సొంత మైదానంలో బ్రౌన్స్ వెనకబడిన ప్రతిసారీ బెలిచిక్ పోవాలన్న నినాదం బెంచీల నుంచి లేచేది. అట్టల మీద అదే రాత. తర్వాతి చరిత్ర చదివినవాళ్లకు ఇది వింతగా తోచవచ్చు. న్యూ ఇంగ్లండ్‌లో ఆరు సూపర్ బౌల్‌లు గెలిచిన కోచ్ అతను. కోసార్ కూడా ఆ తర్వాత ఏ జట్టుకూ నిలకడైన మొదటి క్వార్టర్‌బ్యాక్ కాలేదు. ఆట కోణంలో చూస్తే ఫిల్ములు చూసినవాడి అంచనా తప్పలేదని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ వాదనలో బలం ఉంది.

అయినా ఆ రోజు అభిమానులు పొరపడ్డారని నేననుకోను. కోసార్ చెయ్యి సత్తువ తగ్గిందని వాళ్లకూ తెలుసు. ప్రతి ఆదివారం గాలిలో తేలిపోతున్న అతని పాస్‌లను చూసింది వాళ్లే. మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసినవాడికి ఒంటి సత్తువ తగ్గడమంటే ఏమిటో ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. వాళ్లను మండించింది ఆ మనిషిని పంపిన తీరు. సీజన్ మధ్యలో, గెలుస్తున్నప్పుడు, ఒక పొడి మాటతో పంపేశారు. యంగ్స్‌టౌన్ లోయలో నల్ల సోమవారం వచ్చిందీ అలాగే. పైవాళ్లు లెక్కలు చూసుకుని, కిందివాళ్లకు ఒక పొద్దున చెప్పారు. ఊరిని కోరి వచ్చినవాడికే ఆ గతి పడితే తమకు విలువేమిటని ప్రతి ఒక్కరూ తమ బతుకు తలుచుకున్నారు.

నాయకత్వమంటే సరైన ఎత్తు వేయడం ఒక్కటే కాదు. ఆ ఎత్తు వల్ల నష్టపోయేవాళ్ల ముందు నిలబడి కారణం చెప్పి, వాళ్ల కోపం వినడం కూడా అందులో ఉంది. బెలిచిక్‌కు అది అప్పటికి చేతకాలేదు. మొడెల్‌కు ముప్పై ఏళ్లకు పైగా ఆ ఊళ్లో ఉండి కూడా దాని అవసరం తెలియలేదు. టికెట్టు కొనేవాళ్లు జట్టును మనదంటారు, కాగితాల మీద అది ఆయన ఆస్తి. గెలుస్తున్నంత కాలం ఈ రెంటికీ తేడా ఎవరికీ కనపడలేదు.

యజమాని లెక్కలు

కోపం మధ్యలోనే 1994 మంచి ఏడాదిగా నడిచింది. టెస్టవర్డీ కోలుకున్నాడు. సేబన్ రక్షణ విభాగం సీజన్ మొత్తంలో ప్రత్యర్థులకు 204 పాయింట్లే ఇచ్చింది, లీగ్‌లో అందరికన్నా తక్కువ. పదకొండు గెలుపులు. 1995 జనవరి 1న బెలిచిక్ తన పాత గురువు బిల్ పార్సెల్స్ నడిపే న్యూ ఇంగ్లండ్‌ను 20–13తో ఓడించాడు. వారం తర్వాత పిట్స్‌బర్గ్ 29–9తో కలలు చెదరగొట్టింది. ఆ సీజన్‌లో పిట్స్‌బర్గ్ చేతిలో అది మూడో ఓటమి. జనం క్షమించారని చెప్పలేం గానీ, ఆశ పెట్టుకున్నారు.

ఆ ఆశ వెనక ఎవరి కంటా పడని మరో లెక్క నడుస్తోంది. 1973లో మొడెల్ పాత స్టేడియాన్ని నగరం నుంచి 25 ఏళ్లకు లీజుకు తీసుకున్నాడు. మరమ్మతులు ఆయనవే, అద్దె ఆదాయమూ ఆయనదే. ఆ ఆదాయంలో పెద్ద వాటా అక్కడే బేస్‌బాల్ ఆడే ఇండియన్స్ జట్టు నుంచి వచ్చేది. 1990లో కౌంటీ ఓటర్లు మద్యం, సిగరెట్ల మీద పన్నుకు ఒప్పుకున్నారు. ఆ డబ్బుతో ఊరి మధ్య బేస్‌బాల్‌కు కొత్త మైదానం, బాస్కెట్‌బాల్‌కు కొత్త భవనం లేచాయి. మొడెల్ ఆ పథకంలో చేరనన్నాడు, పాత స్టేడియమే చాలనుకున్నాడు. 1994లో ఇండియన్స్ కొత్త ఇంటికి వెళ్లిపోయారు. పాత కట్టడం, దాని ఖర్చులు, అప్పులు మొడెల్ మీద మిగిలాయి. అదే సమయంలో ఆటగాళ్ల జీతాలు కొత్త నియమాలతో ఎగబాకాయి. 1995లో ఆండ్రే రైసన్ అనే పేరుమోసిన రిసీవర్‌ను తేవడానికి మొడెల్ మళ్లీ బ్యాంకు గడప ఎక్కాల్సి వచ్చింది.

ఇక తూర్పు తీరంలో బాల్టిమోర్ కాచుకుని ఉంది. 1984 మార్చిలో ఒక రాత్రి లారీల్లో సామాను సర్ది కోల్ట్స్ జట్టు ఇండియానాపొలిస్‌కు పారిపోయిన నాటి నుంచి ఆ ఊరికి జట్టు లేదు. కొత్త స్టేడియానికి మేరీల్యాండ్ రాష్ట్రం డబ్బు సిద్ధం చేసి పెట్టుకుంది. లీగ్ రెండు కొత్త జట్లు ఇస్తోందంటే ఆశపడింది. ఒకటి షార్లట్‌కు పోయింది. రెండోది జాక్సన్‌విల్‌కు ఇస్తున్నట్టు 1993 నవంబర్ 30న ప్రకటించారు. కోసార్‌ను పంపి అప్పటికి మూడు వారాల ఒక రోజు. క్లీవ్‌లాండ్ తన క్వార్టర్‌బ్యాక్ గురించి రగిలిపోతున్న ఆ నెలలోనే బాల్టిమోర్‌కు ఒక సంగతి తేలిపోయింది. కొత్త జట్టు రాదు. కావాలంటే ఎవరిదో ఒకరిది తెచ్చుకోవాలి.

1995 సీజన్‌కు ముందు బ్రౌన్స్ సూపర్ బౌల్ దాకా వెళ్తారని పండితులు జోస్యం చెప్పారు. అక్టోబర్ చివరికి నాలుగు గెలుపులు, నాలుగు ఓటములు. బెలిచిక్ మళ్లీ క్వార్టర్‌బ్యాక్‌ను మార్చాడు. టెస్టవర్డీని కూర్చోబెట్టి ఎరిక్ జైయర్ అనే కొత్త కుర్రవాణ్ణి దింపాడు. రేడియోలో రెండేళ్ల నాటి వాదనలన్నీ తిరిగి మొదలయ్యాయి. ఆ వాదనలు సాగుతుండగానే, నవంబర్ తొలి వారాంతంలో, ఏ క్వార్టర్‌బ్యాక్ గురించీ మాట్లాడటానికి అర్థం లేకుండా చేసే వార్త ఒకటి బయటికి పొక్కింది.

వచ్చే భాగంలో 1995 నవంబర్ 6న బాల్టిమోర్‌లోని ఒక పార్కింగ్ స్థలంలో వేసిన వేదిక దగ్గరికి వెళ్దాం. అక్కడ మొడెల్ చేసిన ప్రకటన, స్టేడియం కోసం పన్ను కట్టడానికి మర్నాడే క్లీవ్‌లాండ్ ఓటర్లు ఇచ్చిన తీర్పు, మేయర్ మైకేల్ వైట్ న్యాయస్థానాల్లోనూ లీగ్ గదుల్లోనూ సాగించిన పోరు చూద్దాం. డిసెంబర్ 17న సొంత మైదానంలో సిన్సినాటీతో జరిగిన ఆఖరి ఆట, ఆ రోజు డాగ్ పౌండ్ జనం చేసిన పని, జట్టు వెళ్లిపోయినా పేరూ రంగులూ చరిత్రా తనవద్దే ఉంచుకోవడానికి ఆ ఊరు సాధించిన అరుదైన ఒప్పందం కూడా అందులోనే చదువుదాం.